‘మేం మోసం చేయలేదు’ అంటున్నారు... ఇప్పుడేం చేయాలి?

ఆన్‌లైన్‌లో కొన్న సరుకు చెప్పినట్టు లేదని అడిగితే అమ్మినవారు ఒప్పుకోవడం లేదని, ఎదురు నిందిస్తున్నారని చాలామంది పాఠకులు రాశారు. ఎక్కువ ఉత్తరాలు చీరల గురించే వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు, అసలు చేనేత’ అని చూపించిన చీరను 11,500 రూపాయలకు కొన్నాను. వచ్చింది ప్రింటు చీరలా ఉంది. అడిగితే మూడు మాటలు చెప్పారు. చేనేతలో చిన్న తేడాలు సహజమట. తమ చీరకు సిల్క్ మార్క్ ఉందట. అన్‌బాక్సింగ్ వీడియో లేదు కాబట్టి నేనే చీర మార్చి ఉండొచ్చట. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశారు. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఆ మూడింటిలో ఏదీ మీరడిగినదానికి జవాబు కాదు. అయితే మూడింటికీ కలిపి ‘మోసం, మోసం’ అని రాస్తే మాత్రం వాళ్ల మాటే నిలబడుతుంది. ఒక్కో మాట విడదీసి, దాని ఎదురుగా ఒక్కో ఆధారం పెట్టండి.

మొదట చేనేతలో తేడాల సంగతి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. కాబట్టి రంగు దారం లోపలిదాకా పడుతుంది, చీర రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటులో గీతలు గీసినట్టు తెగి ఉంటాయి, వెనక వైపు వెలిసినట్టుంటుంది. పగటి వెలుగులో ఒకే చోటును ముందు వైపు, వెనక వైపు పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. పల్లూ చివర కుచ్చుల దగ్గర నుంచి ఒక దారం లాగి తెల్లకాగితం మీద పెట్టండి. ఇక్కత్ దారం చుట్టూ రంగు నిండుగా ఉంటుంది. ప్రింటు దారంలో ఒక పక్కే రంగు ఉండి, పడుగూ పేకా (నిలువు, అడ్డ దారాలు) ఒకదాని మీద ఒకటి వెళ్లిన చోట్ల రంగు అందని చుక్కలు కనిపిస్తాయి. ‘సహజమైన తేడా’ అన్న మాటకు ఈ ఒక్క ఫొటో చాలు. నేతలో దారం ఎగుడుదిగుడుగా ఉండటం సహజమే కానీ, వెనక వైపు రంగు లేకపోవడం నేత తేడా కాదు.

ఒక జాగ్రత్త. అంచు వెంట సూది గుచ్చినట్టుండే రంధ్రాలు చూపి చేనేతో కాదో తేల్చవచ్చని చాలామంది చెబుతారు. పవర్‌లూమ్ మీద కూడా బట్టను అంచుల్లో పట్టి ఉంచే పరికరం ఉంటుంది. ఆ ఒక్క ఆధారం మీద కేసు నిలబెట్టకండి. రంగు అద్దిన నూలునే పవర్‌లూమ్ మీద నేశారని మీ అనుమానమైతే ఇంట్లో తేలదు. హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్ల నిపుణులను అడగడం మంచిది.

రెండోది సిల్క్ మార్క్. అది దారం స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. మగ్గం మీద నేశారా, ఇక్కత్ పద్ధతిలో రంగు అద్దారా అన్నది దాని పని కాదు. చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వేరే ఉంది. కాబట్టి ‘పట్టే కదా’ అని వాళ్లంటే ‘పట్టు అని మాత్రమే చెప్పలేదు కదా, ఇక్కత్ అనీ చేనేత అనీ చెప్పారు కదా’ అని లైవ్‌లో వాళ్లన్న వాక్యాన్నే తిరిగి రాయండి. పట్టు గురించీ అనుమానముంటే పడుగు దారం ఒకటి, పేక దారం ఒకటి విడివిడిగా కాల్చి చూడండి. పడుగు పట్టు, పేక పాలిస్టర్‌గా కలిపి నేసినవి ఉంటాయి కాబట్టి రెండూ చూడాల్సిందే. పట్టు కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ముద్దగా మిగులుతుంది. ఇది మీరు ఒక నిర్ణయానికి రావడానికే పనికొస్తుంది. వినియోగదారుల కమిషన్ ముందు పెట్టాల్సింది ల్యాబ్ రిపోర్టు. సరుకు లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే జిల్లా కమిషనే నమూనాను ల్యాబ్‌కు పంపుతుంది. ఫీజు మీరు కట్టాలి, ల్యాబ్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

మూడోది అన్‌బాక్సింగ్ వీడియో. వీడియో లేకపోతే హక్కు పోతుందని ఏ చట్టమూ చెప్పలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. సొంత చీర ఎప్పుడో ఒకసారి అమ్ముకున్నవాళ్లకు ఈ నియమాలు వర్తించవు. రోజూ లైవ్ పెట్టి వ్యాపారం చేసేవాళ్లు ఆ మినహాయింపులోకి రారు.

అయినా ‘మీరే మార్చారు’ అన్న ఆరోపణకు సాక్ష్యంతోనే జవాబివ్వాలి. పార్సిల్ అందినట్టు కొరియర్ సైట్‌లో నమోదైన సమయం, మీరు మొదటి ఫిర్యాదు పంపిన సమయం పక్కపక్కన పెట్టండి. ఈ రెంటి మధ్య రెండు మూడు గంటలే ఉంటే చీర మార్చారన్న కథ అతకదు. కవరు పారేయకండి, దాని మీద పంపినవారి చిరునామా, ఏడబ్ల్యూబీ (కొరియర్ ట్రాకింగ్) నంబరు, బరువు ఉంటాయి. చీరకు ఫాల్ కుట్టించకండి, పీకో చేయించకండి, ట్యాగ్ తీయకండి, ఉతకకండి. ఫాల్ కుట్టిన చీరను ‘కట్టి తిప్పి పంపుతున్నారు’ అనడం వాళ్లకు తేలిక.

‘ముందు చీర పంపండి, తర్వాత చూస్తాం’ అంటే వెంటనే పంపకండి. చేతిలో ఉన్న ఒకే ఒక్క వస్తు సాక్ష్యం అదే. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతలో తీసుకున్నాకే, చీర మొత్తం పరిచి వీడియో తీసి, స్పీడ్ పోస్టులో బరువు నమోదైన రశీదుతో పంపాలి.

బ్లాక్ చేసినా పేజీ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి పేజీ పేరు, ఆ చీర చూపించిన వీడియో, అందులో ‘చేనేత’ అన్న మాట వినిపించేలా, తేదీ కనిపించేలా రికార్డు చేయండి. స్టోరీలు 24 గంటల్లో మాయమవుతాయి, లైవ్‌లు కూడా తీసేస్తారు, ఆలస్యం వద్దు. వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో పంపుకుంటే నాణ్యత తగ్గి, తీసిన తేదీ వివరాలు పోతాయి. కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్, 2023) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్‌లో అంత పట్టింపు ఉండకపోవచ్చు గానీ జతచేస్తే ఎదుటివారికి అభ్యంతరం చెప్పే సందు ఉండదు.

కేసులు ఎక్కువగా ఆగిపోయేది చిరునామా దగ్గర. నోటీసు అందకపోతే కేసు ముందుకు కదలడం కష్టం. యూపీఐలో డబ్బు పంపినప్పుడు కనిపించిన బ్యాంకు ఖాతా పేరు, కవరు మీది చిరునామా, బిల్లు మీద ఉంటే జీఎస్టీ నంబరు చూడండి. ఆ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని కొడితే వ్యాపారి అసలు పేరు, వ్యాపార స్థలం వస్తాయి. నంబరు ఒకరిది, ఖాతా ఇంకొకరిది అయితే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపండి. లాయరే రాయాలని లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పవచ్చు. వాళ్లు ఎదుటివారితో మాట్లాడి రాజీ ప్రయత్నం చేస్తారు తప్ప ఆదేశం ఇవ్వలేరు. కాబట్టి అక్కడే నెలల తరబడి ఎదురుచూడకండి. జిల్లా కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది, అమ్మకందారు సూరత్‌లో ఉన్నా మీరు ఖమ్మం దాటక్కర్లేదు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. నోటీసు అందాక ఎదుటివారు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. అంతకు మించి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

చీర ధర, వడ్డీ, ఖర్చులు, న్యాయమైన పరిహారం అడగండి. 11,500 చీరకు 5 లక్షల పరిహారం అడిగితే చదివేవారికి మీ మిగతా మాటల మీదా నమ్మకం సడలుతుంది.

ప్రశ్న: పెద్ద షాపింగ్ యాప్‌లో కొన్నాను. ‘అమ్మింది మేం కాదు, సెల్లర్‌ను అడగండి’ అంటోంది యాప్. సెల్లర్ ఫోన్ ఎత్తడం లేదు. (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: కస్టమర్ కేర్ చాట్‌లో వాదించడం ఆపి, యాప్‌లోనే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే ఉత్తరంలో సెల్లర్ పేరు, చిరునామా ఇవ్వమని అడగండి. కొన్నవారు రాతపూర్వకంగా అడిగితే ఆ వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత యాప్‌దే. ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి.

ప్రశ్న: 4,200 కట్టాను, చీరే రాలేదు. అడిగితే ‘కొరియర్ వాళ్ల తప్పు’ అంటున్నారు. స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ మ్యాటర్’ అన్నారు. (ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: ఆలస్యమైన ప్రతి ఆర్డరూ నేరం కాదు, పోలీసులు అలా అనడానికి కారణమదే. డబ్బు తీసుకునేటప్పుడే ఇవ్వకూడదన్న ఉద్దేశం ఉందని చూపగలిగితే అది భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ ఉద్దేశం మాటల్లో దొరకదు, గుర్తుల్లో దొరుకుతుంది. వాళ్లిచ్చిన ట్రాకింగ్ నంబరును కొరియర్ సొంత సైట్‌లో కొట్టండి, అసలు లేని నంబరైనా, వేరే ఊరికి వెళ్లిన పార్సిల్‌దైనా కావచ్చు. వాళ్లు పెట్టిన చీర ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే ఇంకో దుకాణం నుంచి ఎత్తినదని తేలవచ్చు. వారం వారం వేరే పేరు మీది ఖాతాకు డబ్బు వేయమని అడిగారేమో చూడండి. పేజీ కింద కామెంట్లు మూసేశారేమో చూడండి. ఇవన్నీ తేదీల వారీగా ఒక పేజీలో రాసి ఇస్తే స్టేషన్‌లో ధోరణి మారుతుంది.

డబ్బు పంపి ఎంతోసేపు కాకపోతే అన్నిటికంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎదుటి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటేనే ఆపగలరు, గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారుతుంది. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో యూటీఆర్ నంబరుతో (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు) ఫిర్యాదు నమోదు చేయండి. కార్డుతో కట్టి ఉంటే ‘సరుకు అందలేదు’ అన్న కారణంతో బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు కార్డుకు వెనక్కి) అడగండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

‘రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు.

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ షాపులో నకిలీ సరుకు వచ్చిందని ఫొటోలతో సహా నెట్‌లో రాశాను. చాలామంది తమకూ అలాగే జరిగిందన్నారు. ఇప్పుడు వారి లాయరు నుంచి నోటీసు వచ్చింది. 7 రోజుల్లో రాసినది తీసేసి, క్షమాపణ చెప్పి, 50 లక్షలు కట్టాలట. లేకపోతే అరెస్టు చేయిస్తారట. (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ముందు భయం తగ్గడానికి అవసరమైన సంగతులు. ఆ 7 రోజులు లాయరు పెట్టిన గడువు, చట్టం పెట్టినది కాదు. పరువునష్టం (న్యాయ సంహిత 356) పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ రాసి అరెస్టు చేసే నేరం కాదు. బాధితుణ్నంటున్న వ్యక్తి మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవాలి. మేజిస్ట్రేటు దాన్ని విచారణకు స్వీకరించే ముందు మీ మాట వినే అవకాశం ఇవ్వాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 223వ సెక్షన్ చెబుతోంది. ఇక 50 లక్షల దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి వాళ్లే కోర్టు ఫీజు కట్టాలి, మీరు రాసిన ఏడాది లోపే వేయాలి. బెదిరించడానికి రాసే అంకె వేరు, ఫీజు కట్టి నిలబడే అంకె వేరు.

అలాగని నోటీసును చెత్తబుట్టలో వేయకండి. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ కాగితం మీద పెట్టి మూడు రంగులతో గుర్తించండి. మీ చేతిలో ఆధారం ఉన్న సంగతికి ఒక రంగు, మీ అభిప్రాయానికి ఒకటి, ఇతరులు చెప్పగా విన్నదానికి ఇంకొకటి. మొదటి రంగు ఎంత ఉంటే మీరంత గట్టిగా నిలబడతారు. ప్రజలకు మేలు చేసే నిజం, సద్భావంతో ఇచ్చిన హెచ్చరిక పరువునష్టం కావని 356వ సెక్షన్ మినహాయింపుల్లోనే ఉంది. చిక్కు తెచ్చేది మూడో రంగు. ‘చాలామందిని ముంచారు’ అని మీరు రాస్తే ఆ చాలామందినీ మీరే చూపించాల్సి వస్తుంది.

తేడా ఎలా ఉంటుందో చూడండి. ‘ఈ షాపు దొంగల ముఠా, ఊరందర్నీ ముంచుతోంది’ అన్నది నిరూపించలేని వాక్యం. ‘చేనేత అని ప్రకటించిన చీర 9న అందింది. వెనక వైపు రంగు లేదు, ఫొటో ఇదీ. 10న డబ్బు వాపసు అడిగాను, ఇవ్వలేమన్నారు. వారి జవాబు పూర్తిగా కింద ఇస్తున్నాను’ అన్నదానిలో ఖండించడానికి పట్టు దొరకదు. పైగా షాపుకు ఎక్కువ నష్టం చేసేది రెండోదే, చదివినవారే ఒక నిర్ణయానికి వస్తారు కాబట్టి. ‘మోసం’ అన్నది నేరం పేరు. దాన్ని కోర్టు అనాలి, మీరు జరిగింది చెప్పాలి.

కాబట్టి రాసినది మొత్తం తీసేయకండి, కొత్తగా వేడి మీద ఇంకోటీ రాయకండి. ముందు ఉన్నదాని కాపీ దాచండి. ఆధారం లేని వాక్యాలు తీసి, ‘ఫలానా తేదీన సవరించాం’ అని కింద రాయండి. అమ్మకందారు ఇంటి చిరునామా, కుటుంబం ఫొటోలు, సొంత ఫోన్ నంబరు ఉంటే వెంటనే తీసేయండి, వాటికి సమర్థన లేదు. వారి ఖండనను కత్తిరించకుండా ప్రచురించండి. వారి ప్రకటన ఫొటో వాడినందుకు కాపీరైట్ ఫిర్యాదు వస్తే, విమర్శ కోసం అవసరమైనంత వాడుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తోందని జవాబివ్వండి.

ఒక్క పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. ‘డబ్బిస్తే తీసేస్తాను, ఇవ్వకపోతే ఇంకా రాస్తాను’ అని మెసేజ్ పెట్టారో, మీ న్యాయమైన ఫిర్యాదు బలవంతపు వసూలు (న్యాయ సంహిత 308వ సెక్షన్) ఆరోపణగా మారే ప్రమాదం ఉంది. పరువు తీస్తానని బెదిరించి డబ్బు అడగడం కూడా దాని కిందికి రావచ్చు. డబ్బు అడిగే ఉత్తరంలో మీ రాతల ప్రస్తావనే రానివ్వకండి.

జవాబు నోటీసు లాయరుతో ఇప్పించండి. ఒక పేజీ చాలు: రాసినవి ఫలానా ఆధారాలున్న వాస్తవాలని, సవరించిన వాక్యాలు ఇవీ అని, క్షమాపణకు, పరిహారానికి కారణం లేదని, ఏ వాక్యం అబద్ధమో చూపితే పరిశీలిస్తామని. ఆ చివరి మాట ముఖ్యం. ఏది అబద్ధమో చెప్పకుండా ‘అంతా అబద్ధం’ అనే నోటీసులే ఎక్కువ. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, నంబరు 15100. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

ప్రశ్న: ఇంట్లో ఉండి అమ్ముకుందామని వాట్సాప్ గ్రూపులో 20 చీరలు తెప్పించాను. అన్నీ నాసిరకం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: తిరిగి అమ్మడానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. మీ జీవనోపాధి కోసం స్వయంగా చేసుకుంటున్న పనికి మినహాయింపు ఉన్నా, తిరిగి అమ్మే సరుకు విషయంలో ఎదుటివారు అభ్యంతరం చెప్పడం ఖాయం. ముందు నుంచే మోసగించే ఉద్దేశం కనిపిస్తే పోలీసు ఫిర్యాదు, లేదంటే డబ్బు రాబట్టడానికి సివిల్ దావా సరైన దారి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. హైదరాబాద్ అమ్మకందారు దగ్గర కొన్న పట్టుచీరల బదులు వేరేవి వచ్చాయి. ‘ఇండియాకు వచ్చి కేసు వేసుకోండి’ అంటున్నారు. (ఒక పాఠకురాలు)

జవాబు: క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే ఆ బిల్లు మీకు పంపిన 60 రోజుల్లోగా మీ బ్యాంకుకు చేరేలా రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. ఒప్పుకున్న ప్రకారం సరుకు రాలేదన్నది అమెరికా ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కింద చెల్లే కారణం. జెల్ (Zelle, ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే అమెరికా సేవ)లో మీరే పంపి ఉంటే ఆ రక్షణ లేదు. ఇండియాలో అయితే అమ్మకందారు ఉన్న జిల్లా కమిషన్‌లో ఈ-జాగృతి ద్వారా అక్కడి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. కస్టమ్స్ కోసం కవరు మీద రాసిన సరుకు వివరం, విలువ చూడండి. మీతో ‘పట్టు’ అని, కస్టమ్స్‌కు ‘సింథటిక్’ అని రాసి ఉంటే దానికి మించిన సాక్ష్యం లేదు.

ప్రశ్న: సగం డబ్బు ఇస్తాం, ‘పొరపాటు నాదే’ అని రాసి ఇవ్వండి అంటున్నారు. తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: డబ్బు తీసుకోవచ్చు, ఆ వాక్యం రాయకూడదు. రాస్తే మిగతా సగం పోవడమే కాదు, రేపు మీ మీద పరువునష్టం కేసులో మీ సంతకమే సాక్ష్యమవుతుంది. బదులుగా ఇలా రాసి పంపండి: ‘ఫలానా ఆర్డరు విషయంలో ఇంత మొత్తం ఫలానా తేదీన నా ఖాతాలో జమైంది. మిగిలిన మొత్తానికి సంబంధించిన నా హక్కులు వదులుకోవడం లేదు.’ మొత్తం డబ్బు ఇచ్చి రాజీ కోరితే రెండో వాక్యం బదులు ‘ఈ ఆర్డరుపై ఇక వివాదం లేదు’ అని చాలు. ఏది రాసినా, డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి.